ఛాతీ ఎత్తున బురద గీత, దాని పక్కనే ట్యాంకర్ గొట్టం

2024 ఏప్రిల్ రెండో వారంలో హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు ఉన్న ఒక అపార్టుమెంటు నుంచి సెక్రటరీ గారు ఫోన్ చేశారు. "ఏవండీ, మాకు ఆరు బోర్లున్నాయి. నాలుగు ఎండిపోయాయి, మిగతా రెండూ గాలి కొడుతున్నాయి. మీరొచ్చి ఏడోదానికి పాయింట్ పెట్టేయండి. పదిహేను వందల అడుగులైనా సరే, బండివాడితో మాట్లాడేశాం."

ఇరవై ఏళ్లుగా భూగర్భజలాల పనిలో ఉన్నాను. ఎండాకాలంలో నాకొచ్చే ఫోన్లన్నీ దాదాపు ఇలాగే మొదలవుతాయి. పాయింట్ పెట్టడమంటే, అంటే బోరు ఎక్కడ వేయాలో చూపడమంటే, నేను కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరుగుతానని కొందరి ఆశ కూడా. ముందు స్థలం చూస్తానన్నాను.

రెండెకరాల జాగా, ఐదు బ్లాకులు, 110 ఫ్లాట్లు, కింద ఒక సెల్లార్. నేను వెళ్లేసరికి పది వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి ర్యాంపు దగ్గర నిలబడి ఉంది. దాని గొట్టం సెల్లార్ గోడ వెంబడే పాక్కుంటూ సంపులోకి దిగింది. జాయింటు దగ్గర గుడ్డపీలిక చుట్టారు, అయినా చుక్కలు కారుతున్నాయి, ఆ చుక్కల కింద ఎవరో బకెట్ పెట్టారు. గొట్టం పోయిన గోడ మీదే, నా ఛాతీ ఎత్తున, గోధుమరంగు గీత ఒకటి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. సున్నం రెండుసార్లు కొట్టినా పోలేదట. స్తంభం దగ్గర ఆ గీత పక్కనే వాచ్‌మన్ బొగ్గుముక్కతో రాసి పెట్టాడు: 13-10-2020.

సెక్రటరీ గారికి ఆ గీతకూ బోరుకూ సంబంధం ఉంటుందని తోచలేదు. వాళ్ల ఫైళ్లలో కూడా అవి రెండు వేర్వేరు ఖర్చులు. ఒకటి 'వరద మరమ్మతులు', రెండోది 'ట్యాంకర్లు'. నేను ఆ రోజు పాయింట్ పెట్టకుండానే వచ్చేశాను.

ఆ రాత్రి ఏం జరిగింది

2020 అక్టోబర్ 13 రాత్రి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బేగంపేటలో 24 గంటల్లో 191.8 మి.మీ. పడింది. 1903 నుంచి చూస్తే అక్టోబర్‌లో నగరానికి ఒక్క రోజులో అంత వాన లేదు. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు. 2000 ఆగస్టు 24న బేగంపేటలోనే 241.5 మి.మీ. పడిన రోజును గుర్తు చేసుకుని, "అప్పుడు ఇంతకన్నా ఎక్కువే కదా" అనేవాళ్లుంటారు. నిజమే. కానీ అప్పటికి నిజాంపేట చేలూ చెరువులూ. పడిన నీళ్లు ఎటో ఒకవైపు పోయేవి.

ఈ అపార్టుమెంటు రెండు చెరువుల మధ్య ఉంది. పై చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు పోయే వాగు దారిలోనే ఇప్పుడు కాలనీ రోడ్డు ఉంది. వాగు పేరు రికార్డుల్లో మిగిలింది, వాగు మిగల్లేదు. దానికి తోడు రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోయారు. కట్టినప్పుడు రోడ్డుకన్నా జానెడు ఎత్తులో ఉన్న ర్యాంపు మొగ, 2020 నాటికి రోడ్డుకన్నా నాలుగంగుళాలు కిందికి చేరింది. లెవెల్ పెట్టి నేనే కొలిచాను. ఆ రాత్రి రోడ్డు మీద పారిన నీళ్లు నేరుగా సెల్లార్‌లోకి దిగాయి. కరెంటు ప్యానెల్ సెల్లార్‌లోనే ఉంది కాబట్టి నీళ్లు తోడాల్సిన మోటార్లే ముందు ఆగిపోయాయి. ఆరు రోజులు లిఫ్టుల్లేవు. 83 కార్లు మునిగాయి. అన్నిటికన్నా విచిత్రం, సంపులోకి మురుగు దిగడంతో ఛాతీ లోతు నీళ్ల మధ్య ఉన్న ఆ 110 కుటుంబాలు తాగడానికి ట్యాంకర్ తెప్పించుకున్నాయి. వాళ్లకది మొదటి ట్యాంకర్.

మూడున్నరేళ్ల తర్వాత, 2024 ఏప్రిల్ నెలలో 135 ట్యాంకర్లు. మార్చిలో 1,200 రూపాయలున్న ధర నెలాఖరుకు 2,000 దాటింది. నెల బిల్లు రెండున్నర లక్షలకు దగ్గర.

మునిగిన చోటే ఎండిపోవడం ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇప్పుడు మామూలు దృశ్యం. ఏడాది మొత్తం వాన లెక్క చూస్తే హైదరాబాద్‌కు 800 మి.మీ. అటూఇటూగా వస్తూనే ఉంది. ఆ మొత్తం పడే తీరు మారింది.

ముసురు సంగతి

ముసురు అనే మాట మా ఇంట్లో పిల్లలకు తెలియదు. మూడు రోజులు, నాలుగు రోజులు ఎండ మొహం లేకుండా సన్నగా కురుస్తూనే ఉండే వాన. బట్టలారవు, పెరట్లో పాకుడు పడుతుంది, ముసలివాళ్లు విసుక్కుంటారు. భూమికి మాత్రం అదే సరైన భోజనం. గంటకు నాలుగైదు మి.మీ. పడితే మన ఎర్రనేల దాదాపు అంతా తాగేస్తుంది. అదే గంటకు అరవై మి.మీ. పడితే మొదటి పది నిమిషాలకే నేల పైపొర మూసుకుపోయి మిగతాది పారిపోతుంది. వాన అంతే, ఇంకినది వేరు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. అంత ఆవిరి పోగయ్యేదాకా వాన ఆగుతుంది, పోగయ్యాక ఒక్కసారే కుమ్మరిస్తుంది, మధ్య రోజుల్లో అదే వేడిగాలి నేలలో ఉన్న తేమను కూడా లాగేస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా పడే అతిభారీ వానలు 1950 నుంచి 2015 లోపు మూడు రెట్లయ్యాయని పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎంకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో లెక్క తేల్చింది. అంతకు ముందే, 2006లో, బి.ఎన్. గోస్వామి బృందం అదే ప్రాంతంలో భారీ వానలు పెరిగి మోస్తరు వానలు తగ్గుతున్నాయని చూపింది. ఆ తగ్గుతున్న మోస్తరు వానల్లోనే మన ముసురు కూడా ఉంది.

మాకు దగ్గరి ఉదాహరణ 2023. జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. పడింది. ఊళ్లు కొట్టుకుపోయాయి. సరిగ్గా ఆ వెనకే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తమ్మీద 1901 నుంచి చూస్తే అన్నిటికన్నా పొడి ఆగస్టు. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని తగ్గించే ఆ ఎల్‌నినో ఏడాది బాకీనే 2024 ఎండాకాలంలో నా ఫోన్ మోగించింది. అప్పటికి నాగార్జునసాగర్ మట్టం 510 అడుగుల కిందికి జారి, నగరానికి కృష్ణా నీళ్ల కోసం అత్యవసర పంపులు పెట్టాల్సి వచ్చింది. నిండితే ఆ జలాశయం 590 అడుగులు.

జనరల్ బాడీ మీటింగ్‌లో ఇదంతా చెబుతుంటే బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన అడిగారు: "టీవీలో హిమాలయాల్లో మంచు కరుగుతోందని చూపిస్తారు. మన బోరుకూ దానికీ ఏమిటండీ సంబంధం?" నేరుగా ఏమీ లేదు. కృష్ణ మహాబలేశ్వర్ దగ్గర, గోదావరి త్ర్యంబకేశ్వర్ దగ్గర, పడమటి కనుమల వానకు పుట్టే నదులు. వాటి వెనక మంచు కొండల్లేవు. గంగా యమునల వెనక ఉన్నాయి. చలికాలంలో పడిన మంచు కొండ మీద కూర్చుని, ఎండాకాలంలో మెల్లగా కరిగి, నీళ్లు బాగా కావలసిన రోజుల్లో దిగుతుంది. అదొక పెద్ద సంపు. అక్కడ వేడి పెరిగేసరికి మంచుగా పడాల్సింది వానగా పడుతోంది, పడిన మంచు ముందే కరుగుతోంది. సంపు చిన్నదవుతోంది. దక్కన్‌లో మనకు మొదటి నుంచీ ఆ సంపు లేదు గనకే కాకతీయుల నాటి నుంచీ చెరువు వెనక చెరువు గొలుసుగా కట్టుకున్నారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదకు సుమారు పదిహేను వేలమంది పోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి చూసినప్పుడు, మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి. వాటిలో 221 ఆ వానకు తెగాయి. ఆయన సలహా మీదే 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవే తర్వాత తరాల దాహం తీర్చాయి. 2016 ఎండాకాలంలో ఆ రెండూ, వాటితో పాటు సింగూరు, మంజీరా కూడా ఎండిపోవడం చూశాం.

ఆ పెద్దమనిషి తలూపి, "అంటే మనకు నీళ్లు ఆగే చోటు కావాలంటారు" అన్నారు. నేను అరగంట తిప్పి చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చారు.

రెండు నిమిషాల గుంతలు

ఇంకుడు గుంతలు లేవా అంటే ఉన్నాయి, నాలుగు. కట్టినప్పుడు అనుమతి కోసం తవ్వినవి. ఒకదాని మీద షటిల్ కోర్టు సిమెంటు పోశారు. ఇంకోటి మూత తీస్తే లోపల చెప్పులు, చిప్స్ కవర్లు, తెగిన గాలిపటం. మిగతా రెండు చూడ్డానికి బాగానే ఉన్నాయి. ట్యాంకర్ నీళ్లు వెయ్యి లీటర్లు ఒకదాంట్లో పోయించాను (సెక్రటరీ గారి మొహం చూడాల్సింది). మర్నాడు పొద్దున వెళ్తే ఇంకా మోకాలి లోతు ఉన్నాయి. అడుగున ఉన్నది సహజమైన నేల కాదు, పునాదులు తవ్విన మట్టి తెచ్చి పోసి రోలర్ తొక్కించిన నింపు. దాంట్లో నీరు దిగమంటే ఎక్కడ దిగుతుంది?

అవి పనిచేసినా చాలవని చెప్పడానికి బోర్డు మీద లెక్క వేశాను. ఐదు బ్లాకుల డాబాలు కలిపి 3,600 చదరపు మీటర్లు. గంటకు 60 మి.మీ. వాన పడితే, తడికీ ఆవిరికీ పదో వంతు పోగా, డాబాల మీంచి దిగేది దాదాపు 1,94,000 లీటర్లు, అంటే నిమిషానికి 3,200 చిల్లర. ఒక్కో గుంత ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. కంకర నింపాక నీటికి మిగిలే జాగా 1,700 లీటర్లు. నాలుగూ కలిపి 6,800. రెండు నిమిషాల్లో నిండిపోతాయి. మిగిలిన యాభై ఎనిమిది నిమిషాల నీళ్లు ర్యాంపు వైపు పోతాయి, సెల్లార్ చూస్తాయి.

ఇలాంటి గుంతలు ముసురుకు కట్టినవి. వాటిని తిట్టను. ఇప్పటి వానకు అవి చాలవు.

కొత్త బోరు గురించి మీటింగ్‌లో గట్టి పట్టే పట్టారు. మూడో బ్లాకాయన ఒకరు, "వాన పడితే కదా సార్ ఇంకేది, ముందు ఈ వేసవి గట్టెక్కించండి" అన్నారు. న్యాయమైన మాటే. కానీ హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పైన పది ఇరవై మీటర్లు మొరం, అంటే పుచ్చిపోయిన రాయి, నీళ్లు నిలవుండే అసలు గిడ్డంగి అదే. దాని కింద రాయిలో పగుళ్లుంటాయి. మూడు వందల అడుగులు దాటేకొద్దీ ఆ పగుళ్లు పలచబడతాయి. పగులంటే పైపు లాంటిది, పై గిడ్డంగిలో ఉన్నదాన్ని బోరుదాకా తెస్తుంది. గిడ్డంగి ఖాళీ అయ్యాక పైపులు ఎన్ని వేసినా ఏమొస్తుంది? వీళ్ల ఆరు బోర్లలో మూడు ఒకదానికొకటి ముప్పై అడుగుల దూరంలోనే ఉన్నాయి. మూడూ ఒకే పగులు మీద. ఒక ఇంట్లో ముగ్గురు ఒకే గ్లాసులో స్ట్రాలు పెట్టినట్టు. 1,150 అడుగులు దింపిన ఆరోది మొదటి నెల రెండించుల నీళ్లు పోసి, మూడో నెలకు పొడిదగ్గు అందుకుంది.

ఆ చర్చ తెగకుండానే మీటింగ్ ముగిసింది.

బాయి

మెట్లు దిగుతుంటే తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన నన్నాపాడు. ఈ భూమి మొదట ఆయన కుటుంబానిదే. డెవలప్‌మెంటుకు ఇచ్చి, వాటాగా వచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో ఉంటున్నాడు. మీటింగ్‌లో వెనక కుర్చీలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు.

"సారూ, గా పిల్లల పార్కు కింద మా బాయి ఉంటది. మా నాయిన తవ్విచ్చిండు. రెండు మోటలు కొడుతుంటిమి. ఎంత ఎండలైనా అడుగు తేలకపోతుండె."

"మరి మీటింగ్‌లో చెప్పలేదేం?"

"నన్నెవలు అడిగిండ్రు?"

జారుడుబల్ల పక్కన ఆయన చెప్పిన చోట తవ్విస్తే అడుగున్నర లోతులో ఆర్‌సీసీ స్లాబు తగిలింది. బిల్డరు బావిని పూర్తిగా పూడ్చకుండా, పని అయిపోయాక మిగిలిన చెత్తంతా దాంట్లో పడేసి పైన మూత పోశాడు. స్లాబుకు మనిషి దూరేంత కంత కొట్టించాం. పదహారడుగుల వ్యాసం, చుట్టూ రాతి కట్టడం, పన్నెండు అడుగుల కింద చెత్త.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మూసి ఉన్న బావిలోకి మనిషిని వెంటనే దింపకూడదు. ఇన్నేళ్ల చెత్త కుళ్లి విషవాయువు పట్టి ఉంటుంది. దీపం దింపి చూసే పాత పద్ధతి కూడా నమ్మడానికి లేదు, కొన్ని వాయువులు దీపం ఆర్పవు, అంటుకుంటాయి. స్లాబు సగం తీసేసి, బ్లోయర్‌తో రెండు రోజులు గాలి కొట్టించి, గ్యాస్ మీటర్‌తో చూశాకే పనివాళ్లను నడుముకు తాడు కట్టి దింపాం. మేస్త్రీ విసుక్కున్నాడు. విసుక్కోనిచ్చాను.

టైల్స్ ముక్కలు, గట్టిపడిన సిమెంటు బస్తాలు, సెంట్రింగ్ చెక్క, ఒక పగిలిన వెస్ట్రన్ కమోడ్. మొత్తం 37 ట్రాక్టర్లు. ముప్పై అడుగుల దగ్గర మొరం తగిలింది, ఆగాం. పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి గట్టున కుర్చీ వేసుకునేవాడు. ఇరవై ఆరో అడుగు దగ్గర రాళ్ల సందులోంచి తేమ కనిపించిన రోజు, "అదే ఊట, తూర్పు దిక్కు" అని వేలు చూపించాడు. నేలలోకి కరెంటు పంపి నీటి జాడ పట్టే, నేను తెచ్చిన రెసిస్టివిటీ పరికరం కూడా పగులు అటు వైపే చూపించింది. పరికరం అద్దె రోజుకు ఎనిమిది వేలు.

లెక్క చూడండి. పదహారడుగుల బావిలో ఒక్కో అడుగుకు 5,700 లీటర్లు పడతాయి. ముప్పై అడుగులకు లక్షా డెబ్భై వేలు. గంట కుండపోతకు డాబాల మీంచి దిగే లక్షా తొంభై నాలుగు వేలలో చాలా భాగం ఆగగలదు. ఆగితే చాలు, ఆ తర్వాత ఇంకడం దాని పని. నాలుగు గుంతలు చేయలేనిది ఇదే.

పని, నా పొరపాటు

జూన్ రెండో వారానికి నాలుగు బ్లాకుల డాబా పైపులు బావికి కలిపాం. ఐదో బ్లాకు అటు చివర ఉంది, మధ్యలో గ్యాస్ లైను అడ్డం, డబ్బులూ చాలలేదు. ప్రతి పైపుకూ మొదటి వాన నీరు బయటికి వదిలే వాల్వు, తర్వాత మట్టి తేరుకునే చాంబరు, దాని వెనక కంకర, ఇసుక వడపోత. కార్లు తిరిగే నేల మీది నీళ్లను బావిలోకి రానివ్వలేదు. వాటిలో ఆయిలుంటుంది, అవి వేరే చాంబర్ గుండా బయటి కాలువకు పోతాయి. బావి నిండితే పొర్లు పైపు కూడా అటే. బావి గోడ ఎత్తించి ఇనుప జాలీ బిగించి తాళం వేశాం. పిల్లల పార్కు కదా.

జూలై మొదట్లో మొదటి మంచి వాన పడింది. రాత్రి పదకొండుకు వాచ్‌మన్ ఫోను: "సార్, బావిలో నురగ వస్తోంది. పాలు పొంగినట్టు పొంగుతోంది."

మర్నాడు చూస్తే సర్ఫ్ వాసన. నాకు అప్పుడు వెలిగింది. డాబా పైపులనుకుని కలిపిన వాటిలో కొన్ని బాల్కనీల పక్కగా దిగుతాయి. ఎవరి సౌకర్యానికి వాళ్లు వాషింగ్ మెషిన్ గొట్టం వాటిలో దూర్చేశారు. ఈ ఊళ్లో సగం అపార్టుమెంట్లలో ఇదే తంతు, నాకు తెలియంది కాదు. డాబా మీద నుంచి రంగునీళ్లు పోసి ప్రతి పైపునూ పరీక్షించాల్సింది, వానలు వచ్చేస్తున్నాయన్న తొందరలో వదిలేశాను. తప్పు నాదే. బావిని రెండు రోజులు తోడి మురుగులోకి వదిలించి, ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగాం. పద్నాలుగు ఇళ్లలో గొట్టాలు దొరికాయి. వాటిలో ఒకటి ట్రెజరర్ గారిది. ఆ ఖర్చు నా ఫీజులోంచి తగ్గించుకున్నాను. ఇంకుడు బావి కట్టించుకునేవాళ్లు వేరే ఏమీ గుర్తుపెట్టుకోకపోయినా ఈ రంగునీళ్ల పరీక్ష ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. మురికి ఒకసారి రాతి పగుళ్లలోకి దిగితే కడగడానికి చెయ్యి పట్టదు.

సెల్లార్ పని దీనికన్నా సులువు, చప్పగా కూడా ఉంటుంది. ర్యాంపు మొగలో అడుగున్నర ఎత్తున మూపు పోయించాం. దాని ముందు అడ్డంగా జాలీ కాలువ. రెండు పక్కల గోడలకు ఇనుప గాడి బిగించి, భారీ వాన హెచ్చరిక వచ్చినప్పుడు దించడానికి మూడు అల్యూమినియం పలకలు. కరెంటు ప్యానెల్‌ను పైకి మార్చడానికి మాత్రం ఎక్కువ ఖర్చయింది. అయినా ముందు చేయాల్సింది అదే. మిగతావన్నీ విఫలమైనా ప్యానెల్ పైనుంటే పంపు నడుస్తుంది.

ఏం ఫలితం వచ్చింది

వాచ్‌మన్‌కు ఒక నోటుబుక్కు, ఒక వర్షమాపకం, అడుగులు గీసిన తాడు ఇచ్చాం. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మూడు అంకెలు: వాన, బావి మట్టం, మూడో బోరు మట్టం. ఇంజనీరింగ్ చదివినవాళ్లు ముప్పైమంది ఉన్న అపార్టుమెంటులో ఒక్క రోజూ తప్పకుండా రాసింది అతనొక్కడే.

బావి నిండిన మొదటి రాత్రి తొమ్మిదడుగులు ఇంకింది, అంటే యాభై వేల లీటర్లకు పైనే. ఆగస్టుకు చుట్టూ మొరం తడిసి, రోజుకు నాలుగడుగులకు తగ్గింది. అది సహజం. ఆగస్టు 31, సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ముంచెత్తిన ఆ రెండు రోజుల్లో ఇక్కడ బావి రెండుసార్లు నిండి పొర్లింది. పలకలు దించారు. రోడ్డు మీద నీళ్లు మూపు దాకా వచ్చి ఆగాయి. సెల్లార్ తడవలేదు. అక్టోబర్ చివరికి నోటుబుక్కు లెక్కన బావి గుండా కిందికి దిగినది పద్నాలుగు లక్షల లీటర్లు.

బోరు మట్టం చెబుతాను, కానీ పక్కింటి లెక్కతో కలిపి చెబుతాను. మూడో బోరులో 2024 మేలో నీళ్లు 178 అడుగుల కింద ఉన్నాయి. నవంబర్‌కు 41 అడుగులకు వచ్చాయి. వినగానే చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకంటే 2024 వానాకాలం తెలంగాణలో సాధారణం కన్నా బాగా ఎక్కువ. ఏ బావీ లేని పక్క అపార్టుమెంటు బోరును కూడా అదే టేపుతో కొలుస్తూ వచ్చాను. వాళ్లది 185 నుంచి 70కి వచ్చింది. అంటే పైకొచ్చిన దాంట్లో ఎక్కువ భాగం వరుణుడి ఖాతాలోది. బావి ఖాతా తేడాలో ఉంది. ఆ తేడా ఎండలు ముదిరాక తెలిసింది. 2025 మార్చిలో మా బోరు 112 దగ్గరుంటే వాళ్లది 150 దాటింది.

2025 ఏప్రిల్‌లో ట్యాంకర్లు 38. ముందు ఏడాది 135. ఈ తగ్గుదల కూడా బావి ఒక్కదానిదే కాదు. అదే ఏడాది ప్రతి ఫ్లాటుకూ మీటరు బిగించారు, కుళాయిలకు గాలి కలిపే జాలీలు పెట్టారు, రెండో బ్లాకు ట్యాంకు రోజూ అరగంట పొర్లిపోతోందని నోటుబుక్కు పుణ్యమా అని బయటపడింది. ఏది ఎంత తగ్గించిందో విడదీసి చెప్పమంటే, మీటరుకే పెద్ద వాటా ఇస్తాను. బిల్లు విడిగా వచ్చాక బాల్కనీలు కడిగే గొట్టాలు మాయమయ్యాయి.

ఇంకో చేదు లెక్క. ఐదు డాబాల మీదా ఏడాదంతా పడే వానలో, తడికీ ఆవిరికీ పోయే పదో వంతు తీసేసి మిగతాదంతా పట్టినా దాదాపు 26 లక్షల లీటర్లు. రోజుకు అరవై వేలు వాడే ఈ 110 ఇళ్లకు అది 43 రోజుల నీళ్లు. మిగతా 322 రోజులు ఎవరో ఎక్కడినుంచో తేవాలి. ఇక్కడివాళ్లు కుళాయిలో వచ్చేదాన్ని ఇప్పటికీ 'మంజీరా' అంటారు కానీ, ఈ వైపుకు వచ్చేవి ఎక్కువగా గోదావరి నీళ్లు, ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పంపులతో ఎక్కి వస్తాయి. ఇంకుడు బావి కట్టుకుంటే నగరం నీళ్లతో పని లేదని చెప్పే కంపెనీల కరపత్రాలు నాకూ వస్తుంటాయి. ఆ నలభై మూడు రోజులు ఏప్రిల్, మే నెలల్లో దొరికేలా చూడటం వరకే మా పని.

ఇంకా మిగిలినవి

ఐదో బ్లాకు డాబా ఇప్పటికీ కలపలేదు. రెండు జనరల్ బాడీలు దాటాయి. కాలనీ రోడ్డు మళ్లీ వేస్తారని వింటున్నాం, పాత పొర గీకి వేయమని కాలనీవాళ్లంతా కలిసి అర్జీ పెట్టారు. గీకకపోతే మా మూపు ఎత్తు మళ్లీ చాలదు. 2025 మేలో బావి అడుగున మట్టి తీయిస్తే రెండడుగుల పైనే వచ్చింది. నేను అడుగు ఉంటుందనుకున్నాను. మట్టి తేరుకునే చాంబర్లు చిన్నవయ్యాయని అర్థం, వాటిని రెట్టింపు చేయడానికి కొటేషన్ ఇచ్చాను.

సెక్రటరీ గారు మారారు. కొత్తాయన మొదటిసారి ఫోన్ చేసి పరిచయం చేసుకున్నాక, "అన్నట్టు, సార్, ఒక చిన్న మాట. ఏడో బోరుకు పాయింట్ ఎక్కడ పెడితే బావుంటుంది?" అన్నారు. నోటుబుక్కు చదివి రేపు మాట్లాడదామన్నాను. అది ఇప్పుడు మూడో పుస్తకం, వాచ్‌మన్ గదిలో క్యాలెండర్ వెనక మేకుకు వేలాడుతుంటుంది.